హైదరాబాద్‌లో కెమెరా డ్రోన్ నేర్చుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రోన్ కొనాలనుకునేవాళ్లు, కొని బీరువాలో పెట్టుకున్నవాళ్లు, పెళ్లి వీడియోల కోసం నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. ముందు చేతులకు ఎగరేయడం రావాలి, కెమెరా సంగతి ఆ తర్వాత. ఈ ఊళ్లో ఎక్కడ ఎగరేయకూడదో తెలుసుకోవడం ఆ రెండింటికన్నా ముందు.

లైసెన్స్ లేకుండా ఎగరేయొచ్చా?

అది డ్రోన్ బరువును బట్టి, మీరు దాన్ని దేనికి వాడుతున్నారనేదాన్ని బట్టి ఉంటుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, ఆపైన 25 కిలోల వరకు స్మాల్. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోని సరదాకి ఎగరేసినా అక్కర్లేదు. అదే మైక్రోతో డబ్బు తీసుకుని షూట్ చేస్తే మాత్రం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మొదట్లో దీన్ని లైసెన్స్ అనేవారు, 2022 ఫిబ్రవరి సవరణతో సర్టిఫికెట్ అయింది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుండి, పదో తరగతి పాసై, డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకున్నవాళ్లకు ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రూల్స్ లెక్కలోకి తీసుకునేది డ్రోన్ మీద ఉన్నవన్నీ కలిపిన బరువు. డబ్బా మీద 249 గ్రాములని రాసి ఉన్న డ్రోన్‌కి ప్రొపెల్లర్ గార్డులు, ఒక ఫిల్టర్, చిన్న లైటు తగిలిస్తే అది నానో కాకుండా పోతుంది. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే ఒకసారి పెట్టి చూడండి.

రిజిస్ట్రేషన్ సంగతేంటి?

డీజీసీఏ పోర్టల్‌లో నమోదు చేస్తే డ్రోన్‌కి ఒక గుర్తింపు నంబరు ఇస్తారు, దాన్నే యూఐఎన్ అంటారు. ఫీజు 100 రూపాయలే. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే పాత యజమాని పేరు మీది నంబరు మీ పేరుకు మారాలి. బైక్ కొన్నప్పుడు ఆర్‌సీ ఎంత జాగ్రత్తగా చూస్తారో దీన్నీ అంతే జాగ్రత్తగా చూడండి. నంబరు లేదు, బిల్లు లేదు, ‘అన్నా, అవన్నీ ఎవరూ అడగరు’ అంటున్నాడంటే ఆ బేరం వదిలేయండి.

అమెరికా నుంచి మా బావ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

వద్దు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉంది, అది కూడా అనుమతి తీసుకున్నాకే. విడిభాగాల మీద ఆ నిషేధం లేదు. మీ బావ సూట్‌కేస్‌లో పెట్టుకొస్తే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు. ఆ టెన్షన్ ఆయనకెందుకు?

హైదరాబాద్‌లో ఎక్కడ ఎగరేయొచ్చు?

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో దేశం మొత్తాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా చూపిస్తారు. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల దాకా ఎరుపే అనుకోండి. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు, అంటే విమానాల రాకపోకల్ని నియంత్రించే ఏటీసీ అనుమతి కావాలి. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల వరకు ఆకుపచ్చ, ఆపైన పసుపు. 12 దాటాక, వేరే ఆంక్షలేవీ లేకపోతే 400 అడుగులు, అంటే 120 మీటర్ల వరకు ఆకుపచ్చ.

ఈ లెక్కను మన ఊరి మీద వేసి చూడండి. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కు వెళ్లిపోయాయి కాబట్టి బేగంపేటలో ఇంకేముందని చాలామంది అనుకుంటారు. ఆ విమానాశ్రయం ఇప్పటికీ పనిచేస్తోంది. వీఐపీల విమానాలు, శిక్షణ విమానాలు అక్కడి నుంచే లేస్తాయి. ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు, సచివాలయం దానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి. మధ్యలో సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఆగ్నేయాన కంచన్‌బాగ్, బాలాపూర్ వైపు రక్షణ పరిశోధన సంస్థలు. దక్షిణాన శంషాబాద్. ఇవన్నీ పోగా ఊళ్లో మిగిలేది కొద్దిపాటి ముక్కలే. మా ఏరియాలో ఏమీ లేదులే అని అంచనాతో ఎగరేయొద్దు. మ్యాప్‌లో మీరు నిలబడిన చోటును పెద్దది చేసి చూడండి, అది కూడా వెళ్లేరోజు ఉదయమే చూడండి.

మ్యాప్‌తోనే పనైపోదు. పంద్రాగస్టుకి, రిపబ్లిక్ డేకి, పెద్దవాళ్ల పర్యటనలకి పోలీస్ కమిషనర్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు డ్రోన్లు నిషేధమని ఉత్తర్వులిస్తుంటారు. వాటినీ చూసుకోవాలి. గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్ర శాఖ కింద ఉన్నాయి. కేబీఆర్ పార్క్ నేషనల్ పార్క్. వీటన్నిటికీ ఆయా శాఖల అనుమతి విడిగా తీసుకోవాలి. రూల్స్ మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉండొచ్చు.

మరి నేర్చుకునేది ఎక్కడంటారా? ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్నచోట, యజమాని సరేనన్న ఖాళీ స్థలంలో. నన్నడిగితే కొత్తగా వేసిన వెంచర్లంత మంచి చోటు లేదు. రోడ్లు తిన్నగా ఉంటాయి, ప్లాట్ల హద్దురాళ్లు వరుసగా ఉంటాయి, చెట్లు ఉండవు, చాలాచోట్ల ఇంకా కరెంటు తీగలు కూడా పడి ఉండవు. చదరం గీయడం నేర్చుకోవాలంటే కింద చదరం ముందే గీసి పెట్టినట్టు ఉంటుంది. వాచ్‌మన్‌తోనో ఆఫీసులోనో ఒక మాట చెప్పి, ఉదయం పూట వెళ్లండి. వరి కోసేసిన పొలాలూ బాగుంటాయి, కాకపోతే పైన హైటెన్షన్ లైన్లు పోతున్నాయేమో చూసుకోండి. సన్నటి తీగ మీ ఫోన్ స్క్రీన్‌లో కనిపించదు. డ్రోన్ ముందున్న సెన్సార్లు కూడా దాన్ని గుర్తుపడతాయన్న నమ్మకం లేదు.

మొదటి రోజుల్లో ఏం ప్రాక్టీస్ చేయాలి?

ఎక్కువమంది వాడే పద్ధతిలో ఎడమ స్టిక్ పైకి నెడితే డ్రోన్ లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది, పక్కలకు నెడితే ఉన్నచోటే తిరుగుతుంది. కుడి స్టిక్‌తో ముందుకు, వెనక్కు, పక్కలకు వెళ్తుంది. ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. బొటనవేళ్లకు అలవాటు కావడానికి మాత్రం వారాలు పడుతుంది.

మొదట డ్రోన్ తోక మీ వైపు ఉండేలా పెట్టుకోండి. తలెత్తి చూసేంత ఎత్తులో గాల్లో నిలబెట్టి, చదరంగా తిప్పి, లేపిన చోటే దించండి. అది హాయిగా వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. డ్రోన్‌ని 180 డిగ్రీలు తిప్పి ముక్కు మీ వైపు పెట్టండి. ఇప్పుడు కుడి స్టిక్‌ని ఎడమకు నెడితే అది మీకు కుడివైపు వెళ్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతుల్ని ఈ క్షణంలో చూడాలి. డ్రోన్ చెట్టు వైపు జరుగుతుంటే దాన్ని ఆపాలని బొటనవేలు ఇంకా గట్టిగా నొక్కుతారు, అది ఇంకా వేగంగా చెట్టు వైపే పోతుంది. అప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది: రెండు వేళ్లూ వదిలేయండి. జీపీఎస్ ఉన్న డ్రోన్ అక్కడే ఆగి నిలబడుతుంది. ఊపిరి పీల్చుకుని, తోక మీ వైపు తిప్పుకుని, అప్పుడు కదలండి. వేళ్లు వదిలేయడం అలవాటుగా మారేదాకా ఎత్తుకు వెళ్లొద్దు.

తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, ఆ తర్వాత ఒక రాయి చుట్టూ కెమెరా దాన్నే చూస్తుండగా గుండ్రంగా తిరగడం. ఈ చివరిదానికి రెండు స్టిక్కులూ ఒకేసారి, వేర్వేరు వైపులకు, నెమ్మదిగా కదలాలి. ఆటోమేటిక్ మోడ్‌లో ఒక బటన్‌తో అది వస్తుంది, నిజమే. అయినా చేత్తో నేర్చుకోండి. ఆటోమేటిక్‌గా తిరుగుతున్న డ్రోన్‌కి దారిలో కొమ్మ అడ్డొస్తే అప్పుడు పనికొచ్చేది మీ చెయ్యే.

ఇంట్లో కూర్చుని సిమ్యులేటర్‌లో ఆడటం కూడా నిజంగా పనికొస్తుంది, ముఖ్యంగా ముక్కు మన వైపు ఉన్నప్పటి గందరగోళం పోవడానికి.

జీపీఎస్ ఉంది, సెన్సార్లు ఉన్నాయి. అవే చూసుకోవా?

ఉన్నంతసేపు చూసుకుంటాయి. అపార్ట్‌మెంట్ డాబా మీద నుంచి లేపేవాళ్లకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. స్లాబ్‌లోని ఇనుప కడ్డీలు, పక్కనే ఉన్న కారు, రేకుల షెడ్డు డ్రోన్ లోపలి దిక్సూచిని తికమక పెడతాయి. చుట్టూ ఎత్తయిన భవనాలుంటే ఉపగ్రహాల సిగ్నల్ తగ్గుతుంది. జీపీఎస్ పోయిందంటే డ్రోన్ ఉన్నచోట నిలబడదు, గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది. చెరువు మీద తక్కువ ఎత్తులో వెళ్తే కింది సెన్సార్లు కదిలే నీళ్లను చూసి మోసపోతాయి. నీళ్ల మీద కాస్త ఎత్తు ఉంచుకోవడం మంచిది.

రిటర్న్ టు హోమ్ నొక్కితే వచ్చేస్తుందిగా?

వస్తుంది, మీరు ముందే సరిగ్గా సెట్ చేసి ఉంటే. తిరిగొచ్చే ఎత్తు చుట్టుపక్కల తాటిచెట్లు, సెల్ టవర్ల కన్నా ఎక్కువ ఉండాలి, అక్కడ అనుమతించిన ఎత్తుకు లోబడి ఉండాలి. హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, నమోదైందని యాప్ చెప్పేదాకా లేపొద్దు. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తే తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి అవుతుంది, బ్యాటరీ ఇంకా ఎక్కువ తింటుంది. అందుకే మొదట గాలికి ఎదురుగా వెళ్లి, వచ్చేటప్పుడు గాలివాలున రావాలి. డబ్బా మీద 30 నిమిషాలని ఉంటే 20 అనుకుని లెక్క వేసుకోండి. 30 శాతానికి వచ్చేసరికి డ్రోన్ మీ తల దగ్గర ఉండాలి.

గద్దలు వెంటపడుతున్నాయి. ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఎగరేసే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. మన ఆకాశంలో గద్దలు చాలా ఎక్కువ. ఎండ ముదిరి వేడిగాలి పైకి లేచే వేళకు అవి రెక్కలు కదపకుండా గుండ్రంగా తిరుగుతుంటాయి. చలికాలం మధ్య నుంచి గూళ్లు కడతాయి, పిల్లలు ఉన్నప్పుడు దేన్నీ దగ్గరికి రానివ్వవు.

లేపే ముందు ఒక నిమిషం తలెత్తి ఆకాశాన్ని చూడండి. ఒక గద్ద మీ డ్రోన్ పైన చుట్లు తిరుగుతూ ఆ చుట్టును చిన్నది చేస్తోందంటే అది ఆసక్తిగా గమనిస్తోందని అర్థం. అది పైనుంచి కిందికి దూకుతుంది. డ్రోన్‌కన్నా వేగంగా పైకి లేవడం గద్దకు కష్టం. కాబట్టి కొంచెం పైకి లేపి, పక్కకు తప్పుకుని, ఖాళీ వైపు నుంచి దించేయండి. మంచి వీడియో వస్తుందని దాన్ని వెంబడించొద్దు. ప్రొపెల్లర్ తగిలితే రెక్క తెగుతుంది. డ్రోన్ మళ్లీ కొనుక్కోవచ్చు, దాని రెక్క మళ్లీ రాదు. తెల్లవారగానే ఎగరేస్తే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు.

సంక్రాంతి రోజుల్లో ఊళ్లో డ్రోన్ లేపొద్దు. మాంజా కంటికి కనిపించదు, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మోటార్ ఆగిపోతుంది, కింద జనం ఉంటారు.

ఎండాకాలం, వానాకాలం ఎగరేయొచ్చా?

చిన్న డ్రోన్లలో చాలావాటికి పైహద్దు 40 డిగ్రీలు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన దగ్గర నీడలోనే అంత ఉంటుంది. కారు డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీలు వదిలేయకండి. జూన్, జూలైలో వాన లేకపోయినా నైరుతి గాలి బలంగా ఉంటుంది, కింద ఆకు కదలకపోయినా 80 మీటర్ల ఎత్తులో ఈడ్చి కొడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయాలు అన్నివిధాలా బాగుంటాయి.

వారం పైన వాడకపోతే బ్యాటరీని 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి దాచండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, గుచ్చకూడదు.

ఎగరేయడం వచ్చింది గానీ ఫోటోలు గూగుల్ మ్యాప్‌లా వస్తున్నాయి. ఎందుకు?

మరీ ఎత్తుకు వెళ్తున్నారు. 24 మిల్లీమీటర్లకు సమానమైన లెన్స్‌తో 120 మీటర్ల నుంచి నేరుగా కిందికి చూస్తే ఫ్రేమ్‌లో 180 మీటర్ల వెడల్పు పడుతుంది. అందులో మనిషి చీమంత కూడా ఉండడు. 30 మీటర్ల నుంచైతే 45 మీటర్ల వెడల్పు. అందులో చెరువు గట్టు మీద బట్టలు ఉతికే మనిషి, ఆరేసిన చీర, పక్కన నిలబడ్డ గేదె విడివిడిగా కనిపిస్తాయి. నాకు నచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం కొబ్బరిచెట్టుకు కాస్త పైనుంచి తీసినవే.

రెండోది వెలుగు. పైనుంచి చూస్తే వస్తువుల ఎత్తు మన కంటికి తెలియదు, దాన్ని చెప్పేది నీడే. మన రాళ్లగుట్టల్నే చూడండి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. మిట్టమధ్యాహ్నం పైనుంచి తీస్తే చదునుగా పరిచిన గులకరాళ్లలా ఉంటాయి. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ పూర్తిగా మాయమవుతుంది. అదే బండల్ని సూర్యోదయమైన అరగంటకు తీయండి. ప్రతి బండ నీడా దాని పక్కనున్న బండ మీద పడి, గుట్ట మొత్తం లేచి నిలబడుతుంది. అదే చోటు, అదే డ్రోన్, అదే ఎత్తు.

ఫోటోలు రా (RAW, అంటే కెమెరా మార్పులు చేయని ఫైలు) ఫార్మాట్‌లో తీయండి, వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓని 100 దగ్గర ఉంచండి, రంగుల్ని సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకండి. ఎండలో ఫోన్ స్క్రీన్ సరిగా కనిపించదు కాబట్టి వెలుగు సరిపోయిందా లేదా అన్నది హిస్టోగ్రామ్‌ని, అంటే ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్‌ని, చూసి తెలుసుకోండి.

ఎన్‌డీ ఫిల్టర్లు తప్పనిసరా?

ఎన్‌డీ ఫిల్టర్ అంటే లెన్స్ ముందు తగిలించే, లోపలికి వెళ్లే వెలుగును తగ్గించే నల్లటి అద్దం. ఫోటోలకు అక్కర్లేదు. వీడియో సినిమాలా మృదువుగా ఉండాలంటే కావాలి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/50 సెకను దగ్గర ఉండాలి. మంచి ఎండలో ఎఫ్ 2.8 లెన్స్‌తో, ఐఎస్ఓ 100 దగ్గర కెమెరా అడిగేది దాదాపు 1/3200. అంటే వెలుగును 64వ వంతుకు తగ్గించాలి, ఆ పని చేసేది ఎన్‌డీ 64. ఉదయం, సాయంత్రం ఎన్‌డీ 16 సరిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 పెడితే వీధి దీపాలు మిణుకు మిణుకుమనడం కూడా తగ్గుతుంది.

పెళ్లిళ్లకు ఎగరేస్తే డబ్బులొస్తాయట కదా?

వస్తాయి. పైన చెప్పినట్టు మైక్రో డ్రోన్‌తో అయితే సర్టిఫికెట్ ఉండాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. ఫంక్షన్ హాల్ ఏ జోన్‌లో ఉందో అడ్వాన్స్ తీసుకోక ముందే చూసుకోండి. తీసుకున్నాక ఎగరేయడం కుదరదంటే గొడవలవుతాయి.

బరాత్ మీద, అంటే డాన్స్ చేస్తున్న జనం తలల మీద ఎగరేయమని తప్పకుండా అడుగుతారు. పెళ్లికొడుకు బాబాయి అడుగుతాడు, ఆ తర్వాత ఈవెంట్ మేనేజర్ అడుగుతాడు. ‘పక్క నుంచి తీస్తానండీ, మొహాలు కూడా బాగా కనిపిస్తాయి’ అని చెప్పండి. అది నిజం కూడా. బాణసంచా కాలుస్తున్నప్పుడు, రంగు కాగితాలు పేలుస్తున్నప్పుడు దించేయండి. ఒక్క కాగితం ముక్క మోటార్‌లో ఇరుక్కున్నా చాలు. కింద పిల్లలు ఉంటారు.

పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు. వాళ్లు చెప్పేది న్యాయమేనా?

చాలావరకు న్యాయమే. వాళ్ల డాబా మీద స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకునేవాళ్లు ఉంటారు, కిటికీలు తెరిచి ఉంటాయి. ఒకరి ఆంతరంగిక దృశ్యాలు అనుమతి లేకుండా తీయడం ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద నేరం. ఎగరేసే ముందు మీరే వెళ్లి ‘ఆంటీ, ఇవాళ పొద్దున పది నిమిషాలు మా బిల్డింగ్ ఫోటో తీస్తాను’ అని చెప్తే సగం గొడవలు పుట్టవు. వాళ్లు వద్దంటే మానేయండి.

శిక్షణ ఎక్కడ తీసుకోవాలి?

బేగంపేటలో ఉన్న తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తోంది, ప్రైవేటు సంస్థలు కూడా ఉన్నాయి. ఫీజు కట్టే ముందు ఆ సంస్థ డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూడండి. చేతికి స్టిక్కులు ఎన్ని గంటలు ఇస్తారో కూడా అడగండి. ఈ క్లాసుల్లో పొలాలకు మందు కొట్టే డ్రోన్ల కోసం, సర్వే పనుల కోసం వచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లతో మాట్లాడండి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది మన రాష్ట్రంలోనే. ఈ రంగంలో పని ఒక్క పెళ్లిళ్లతోనే ఆగిపోదు. కానీ కెమెరా పని అక్కడ నేర్పుతారనుకోవద్దు, అది విడిగా నేర్చుకోవాల్సిందే.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

డ్రోన్ బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు. చిన్న డ్రోన్ల బ్యాటరీలు 100 వాట్ అవర్ల లోపే ఉంటాయి, అంతవరకు విడిగా అనుమతి అడగక్కర్లేదు. బ్యాటరీల లోహపు కాంటాక్టులకు టేపు అంటించండి.

పడిపోతే ముందు ఏం చేయాలి?

మోటార్లు ఇంకా తిరుగుతుంటే ముందు వాటిని ఆపాలి. చాలా డ్రోన్లలో రెండు స్టిక్కులూ కిందికి, లోపలికి లాగి పట్టుకుంటే ఆగుతాయి. మీ డ్రోన్‌కి ఆ పద్ధతి ఏమిటో నేల మీద ఉన్నప్పుడే తెలుసుకోండి. అది గాల్లో ఉండగా పొరపాటున చేస్తే కింద పడుతుందని కూడా గుర్తుంచుకోండి. తిరుగుతున్న ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎవరికైనా తగిలిందేమో చూడటం మొదటి పని, డ్రోన్‌ని ఆ తర్వాత తీసుకోవచ్చు.

ఎక్కడ పడిందో కనిపించకపోతే యాప్‌లో చివరి స్థానం మ్యాప్ మీద ఉంటుంది, కొన్ని డ్రోన్లు బీప్ శబ్దం చేస్తాయి. దొరికాక బ్యాటరీ తీసి, ఉబ్బిందో లేదో చూడండి. ప్రొపెల్లర్‌కి చిన్న గాటు పడినా మార్చేయండి, గాటు పడ్డ రెక్క గాల్లో వణుకుతుంది, ఆ వణుకు వీడియోలో కనిపిస్తుంది. రెండు రకాల ప్రొపెల్లర్లు ఉంటాయి, రెండు ఒకవైపు తిరిగేవి, రెండు ఎదురువైపు తిరిగేవి. గుర్తు ఉన్నవాటిని గుర్తు ఉన్న మోటార్లకే బిగించండి. మార్చాక వెంటనే ఎత్తుకు లేపొద్దు. మోకాలి ఎత్తులో ఒక నిమిషం నిలబెట్టి, చప్పుడు మునుపటిలాగే ఉందో లేదో వినండి.